ముస్తాబు బల్ల

2024 డిసెంబర్ 8, ఆదివారం. అమలాపురం

పెద్ద పండక్కి అమ్మాయీ అల్లుడూ వస్తున్నారు. పెళ్ళయ్యాక మొదటి సంక్రాంతి. బట్టలు, పిండివంటల సరుకులు ఒక దారికొచ్చాయి. మిగిలింది వాళ్ళకిచ్చే పడమటి గది. పొడవు పదడుగులు, వెడల్పు తొమ్మిది. డబుల్ కాట్ వేసి బీరువా నిలబెట్టాక గుమ్మానికీ బీరువాకీ మధ్య మిగిలిన గోడ ముప్పై ఆరు అంగుళాలు. ఆ గోడకీ మంచానికీ మధ్య నడిచే దారి ముప్పై మూడు అంగుళాలు. కొట్లో అమ్మే డ్రెస్సింగ్ టేబుల్ లోతే పదహారు, పద్దెనిమిది అంగుళాలుంటుంది. అది పెడితే గదిలో మనిషి పక్కకి ఒదిగి నడవాలి.

"హాల్లో అద్దం ఉందిగా, చాలదా?" అన్నారు ఆయన. ఆ అద్దం ఆయన గడ్డం గీసుకోవడానికి కిటికీ ఊచకి కట్టింది, ఆయన ఎత్తుకి కట్టింది. అమ్మాయి ఇంటర్ దాకా దాని ముందు మునివేళ్ళ మీద నిలబడి జడ వేసుకుంది. నేను కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ నిలబడే బొట్టు పెట్టుకుంటున్నాను. అత్తయ్యగారు ఇప్పుడు నిలబడలేరు. అరుగు మీద కూర్చుని ఒక చేత్తో అద్దం, ఇంకో చేత్తో దువ్వెన పట్టుకుంటారు. రెండు చేతులూ కలిస్తే గానీ ముడి పడదు, అందుకని అద్దం ఒళ్ళో పెట్టుకుని చూడకుండానే ముడి వేసుకుంటారు.

నా సారెలో ఒక అద్దాల బల్ల వచ్చింది. చెక్కపొట్టు అదిమి చేసిన బోర్డు. ఈ కాలవగట్టు చెమ్మకి కాళ్ళు ఉబ్బి, పొరలు విడిపోయి ఎప్పుడో పెంటపాలయింది. ఆ తర్వాత ఇంట్లో టీవీకి బల్ల వచ్చింది, కంప్యూటర్‌కి బల్ల వచ్చింది, ఇన్వర్టర్‌కి కూడా ఒక మూల దొరికింది. ముగ్గురు ఆడవాళ్ళున్న ఇంట్లో కూర్చుని తల దువ్వుకునే చోటు మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఈసారి చేయిస్తాను. రైల్లో కిటికీ పక్కన మడిచే బల్ల ఉంటుందే, అలాంటిది. కావలసినప్పుడు పైకెత్తడం, పనయ్యాక దింపెయ్యడం.

డిసెంబర్ 15, ఆదివారం. రాజోలు వెళ్ళి వచ్చాక

పుట్టింటి మండువా లోగిలి తీసేశారు. తమ్ముడు అక్కడే స్లాబు ఇల్లు వేసుకుంటున్నాడు. తప్పదు, వానాకాలం వస్తే పెంకులు సరిచేసే మనుషులు దొరకడం లేదు. దూలాలు, స్తంభాలు, ద్వారబంధాలు పాత కలప కొనేవాళ్ళు పట్టుకుపోయారట. పెరట్లో కొబ్బరిమట్టల కింద కిటికీ రెక్కలు నాలుగు కనబడ్డాయి.

"ఇవేం చేస్తావురా?"

"భోగిమంటకి దాచానక్కా. పిల్లలు ఊరంతా తిరిగి దుంగలు ఏరుకొస్తున్నారు కదా, ఇవి కూడా వేసేద్దామని."

ఒక రెక్క ఎత్తి చూశాను. రెండు పలకలు జోడించి వెనక అడ్డకర్రలు కొట్టిన రెక్క. వెడల్పు పదిహేను అంగుళాలు, పొడవు ఇరవై ఎనిమిది. గోరుతో గీకితే ఆకుపచ్చ రంగు కింద టేకు తేనె రంగులో మెరిసింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇన్నేళ్ళకీ ఆ జిడ్డు వాసన పోలేదు. 1996 నవంబర్ 6 రాత్రి తుఫానులో మా పెంకులు ఎగిరాయి, కొబ్బరిచెట్లు వరసగా నేలకొరిగాయి. ఈ రెక్కల గడియ వేసి, లోపలి నుంచి రోకలి అడ్డం పెట్టి నాన్నగారు తెల్లవారేదాకా పట్టుకు కూర్చున్నారు. గాలి రెక్కని కొట్టింది గానీ పలక చీలలేదు.

తాతయ్యగారు ఇల్లు కట్టిన రోజుల్లో ఏజెన్సీ టేకు గోదావరి మీద తెప్పలుగా రాజమండ్రి దిగేది. అక్కణ్ణుంచి కాటన్ దొర కాలువల్లో పడవల మీద కోనసీమకి వచ్చేది. అంత దూరం నీటి మీద వచ్చిన చెక్క కాబట్టి నీటికి భయపడదు అనేవారు నాన్నగారు. అసలు కారణం టేకులో ఉండే సహజమైన నూనె. దానివల్ల చెదలు త్వరగా ముట్టదు, చెమ్మకి ఉబ్బడం, ఎండకి ముడుచుకోవడం తక్కువ.

"ఒకటి నాకిచ్చెయ్ రా" అన్నాను. "ఒకటేంటి వదినగారూ, రెండు పట్టుకెళ్ళండి" అంది మరదలు. రెండూ గోనెలో చుట్టి బస్సులో పెట్టుకుని తెచ్చాను. బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటుతుంటే ఆ మూట నా మోకాళ్ళకి ఆనుకునే ఉంది. మనసు నిండిపోయింది.

డిసెంబర్ 16, సోమవారం

ఈ రోజు నుంచి ధనుర్మాసం. పొద్దున్నే ముగ్గు పెట్టి, బడికి వెళ్ళేలోపు గోడ మీద సుద్దముక్కతో కొలతలు గీశాను.

సమతల దర్పణం పాఠం ఏటా పిల్లలకి చెప్తున్నాను. మనిషి నిలువెల్లా కనబడాలంటే మనిషంత అద్దం అక్కర్లేదు, ఎత్తులో సగం చాలు. దూరం జరిగినా, దగ్గరికొచ్చినా ఆ లెక్క మారదు. అమ్మాయి ఎత్తు అరవై రెండు అంగుళాలు, కన్ను యాభై ఎనిమిది దగ్గర. అద్దం పై అంచు కంటికీ నడినెత్తికీ మధ్యన ఉంటే చాలు, అంటే అరవై. కింది అంచు కంటి ఎత్తులో సగం, అంటే ఇరవై తొమ్మిది. బల్ల మందం కలుపుకుని నేను ముప్పై ఒకటి దగ్గర మొదలుపెట్టి అరవై ఒకటి దగ్గర ఆపుతున్నాను. ముప్పై అంగుళాల అద్దంలో చీలమండల దగ్గర్నుంచి పాపిట దాకా కనబడుతుంది. చీర సరిచూసుకోవడానికి నిలువుటద్దం వేరే కొనక్కర్లేదు.

కాకపోతే ఒక మెలిక ఉంది. బల్ల పైకెత్తి ఉంటే కాళ్ళ వైపు నుంచి వచ్చే వెలుతురుకి అది అడ్డం. అందుకని బల్ల కిందికి వేలాడేలా మడవాలి. పెట్టె మూతలా పైకి మూసే పద్ధతి మనకి పనికిరాదు, అద్దం కప్పబడిపోతుంది. దింపితే నిలబడి చీర చూసుకోవడం, ఎత్తితే కూర్చుని ముస్తాబవడం.

కూర్చునే లెక్క కూడా చూశాను. స్టూలు పదిహేడు అంగుళాలు, బల్ల ముప్పై. మోకాళ్ళు హాయిగా దూరతాయి. అత్తయ్యగారిని కుర్చీలో కూర్చోబెట్టి గోడ మీద ఆవిడ కంటి ఎత్తు గుర్తు పెట్టాను. నలభై నాలుగు. అద్దం నడిమధ్య నలభై ఆరు. అందరికీ కుదిరింది.

"నాకెందుకే అమ్మాయ్ ఈ వయసులో!" అన్నారు. అంటూనే ఆ సుద్దగీతని వేలితో తడిమి చూసుకున్నారు.

డిసెంబర్ 21, శనివారం

వెలుతురు సంగతి తేలక పక్క వీధి తాతగారి దగ్గరికి వెళ్ళాను. వయసులో ఉండగా పద్యనాటకాల్లో స్త్రీపాత్రలు వేసేవారు. తీర్థాలకీ జాతర్లకీ ఊరూరా తిరిగిన మనిషి. మేకప్ సామాను మొత్తం ఒక్క రేకు పెట్టెలో ఉండేదట. పెట్టె మూత లోపలి వైపు అద్దం. మూత తెరిచి నిలబెడితే అదే అద్దాల బల్ల. పెట్టెలో గళ్ళు, ఒక గడిలో అర్దళం, ఒక దాంట్లో జింకు పౌడరు, కాటుక, తిలకం, అడుగున సవరాలు. పొలం గట్టు మీదైనా, పశువుల పాకలోనైనా ఆ పెట్టె తెరిస్తే అదే గ్రీన్ రూమ్. నేను వెతుకుతున్న తక్కువ చోటు విద్య నాటకాలవాళ్ళకి ఏనాడో తెలుసు.

"దీపం ఎక్కడ పెట్టుకునేవారు తాతగారూ?"

"నెత్తి మీద మటుకు పెట్టకూడదమ్మా. కళ్ళ కింద, ముక్కు కింద, గెడ్డం కింద నీడ పడిపోద్ది. నీడని నలుపనుకుని ఇంకా రంగు పూసేస్తాం. స్టేజీ మీదకెళ్తే సున్నం కొట్టిన గోడే. రెండు పెట్రోమాక్సులు తెప్పించి ఈ చెంపకొకటి, ఆ చెంపకొకటి, మొహం ఎత్తులో పెట్టించేవోణ్ణి."

ఆ చేతులు గాలిలో చెంపలకి ఇటూ అటూ ఆగిన తీరు చూసి కొలత తీసుకున్నాను. అద్దానికి రెండు వైపులా, కంటి ఎత్తుకి కాస్త పైనా కిందా, నిలువుగా రెండు దీపాలు. అంతే.

రంగు సంగతి నాకు తెలిసిందే. పచ్చటి బల్బు కింద కుంకుమ ముదురుగా, పౌడరు సరిపోయినట్టుగా కనబడతాయి. గుమ్మం దాటి ఎండలోకి వస్తే మొహం తెల్లగా తేలిపోతుంది. మరీ నీలం కలిసిన తెలుపైతే మనిషి పాలిపోయినట్టుంటుంది. మధ్యస్థంగా నాలుగు వేల కెల్విన్ అని రాసి ఉన్న ఎల్‌ఈడీ పట్టీ, రంగుల్ని ఉన్నవున్నట్టు చూపించే సీఆర్ఐ తొంభైకి తగ్గకుండా ఉన్నది కొనాలి.

డిసెంబర్ 22, ఆదివారం

వడ్రంగి మేస్త్రి గారు వచ్చారు. రెక్కని అరచేత్తో నిమిరి, కణుపు మీద వేలితో కొట్టి, "ఇది ఇప్పుడు డబ్బు పోసినా దొరకదండి టీచరు గారూ" అన్నారు. "2020లో అంతర్వేది స్వామి రథం కాలిపోయాక కొత్తదాన్ని మళ్ళీ టేకుతోనే చేశారు కదండీ. సముద్రపు ఉప్పుగాలికి నిలబడేది ఇదేనండి."

పాత రంగు గీకే పని నేను తీసుకున్నాను. పాతకాలపు రంగుల్లో సీసం ఉండేది. పొడిగా గీకితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని ముక్కుకి మాస్కు కట్టుకుని, తడిగుడ్డ పెట్టి నానబెట్టి, పెరట్లో పాత పేపర్లు పరిచి గీకాను. రాలిన పెచ్చులన్నీ పేపర్లతో సహా మూట కట్టేశాను. భోగిమంటలో పడి ఉంటే ఈ రంగు పొగ పిల్లలే పీల్చేవాళ్ళు.

మేస్త్రి గారు చిత్రిక పట్టారు. ముందు వంకర్లు తిరిగిన సన్నటి చుట్టలు, తర్వాత కాయితమంత పల్చటి పొరలు. వాటిని అత్తయ్యగారు పోగుచేసి వాసన చూసి, బీరువాలో బట్టల మధ్య పెట్టమన్నారు. చిత్రిక అయ్యాక ఉప్పుకాగితం, ముందు ఎనభై నంబరు, తర్వాత నూట ఇరవై, చివర్న రెండు వందల ఇరవై, ఎప్పుడూ పోగు వెంబడే. అడ్డంగా రుద్దితే పాలిష్ వేశాక గీతలు తేలతాయి.

గడియ దిగిన రంధ్రం ఒకటి అంచున మిగిలింది. "ముక్క పెట్టి పూడ్చెయ్యనా అండి?" అన్నారు. వద్దన్నాను. దువ్వెన తోక దూర్చడానికి సరిపోతుంది.

డిసెంబర్ 25, బుధవారం

క్రిస్మస్ సెలవు. గడియారస్తంభం సెంటర్ వైపు వెళ్ళి అద్దం కోయించుకొచ్చాను. పద్దెనిమిది అంగుళాల వెడల్పు, ముప్పై ఎత్తు, ఐదు మిల్లీమీటర్ల మందం. కోసేముందు అద్దాన్ని ఏటవాలుగా పట్టించి, కొట్లో ట్యూబులైటు అందులో ఎలా కనబడుతుందో చూశాను. గీత తిన్నగా ఉంటే మంచి గాజు. వంకర పోతే మొహం కూడా వంకర పోతుంది.

అద్దం వెనక ఉన్నది నిజంగా వెండే. పూర్వం తగరం, పాదరసం కలిపి పూసేవారు. ఆ ఆవిరికి పనివాళ్ళు జబ్బుపడేవారు. 1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ గాజు మీద వెండి పూత పట్టించే పద్ధతి చూపించాడు. ఇంటర్ లాబ్‌లో పరీక్షనాళిక లోపల వెండి మెరుపు వచ్చే ప్రయోగం అదే కోవలోది. ఆ వెండిని కాపాడటానికి వెనక రంగు వేస్తారు గానీ కోసిన అంచు దగ్గర ఆ కాపలా ఉండదు. మన చెమ్మ అక్కణ్ణుంచే దూరుతుంది. కోనసీమలో ఏ ఇంట్లో చూసినా అద్దం అంచుల నుంచే నల్లబడేది అందుకే. అంచులు సాన పట్టించి, ఆరాక చుట్టూ పల్చగా వార్నిష్ పూశాను.

అతికించే సిలికాన్ దగ్గర జాగ్రత్త పడాలి. వెనిగర్ పులుపు వాసన కొట్టే రకం అద్దం వెనక పూతని తినేస్తుంది. ట్యూబు మీద న్యూట్రల్ అని రాసి ఉన్నదే అడిగి తీసుకున్నాను. మడత బ్రాకెట్లు పన్నెండు అంగుళాలవి, జత. తుప్పు పట్టకుండా స్టెయిన్‌లెస్ స్టీల్ మరలు.

డిసెంబర్ 29, ఆదివారం

ఈ రోజు గోడకి ఎక్కింది.

మా గోడలు కింద రెండడుగుల దాకా ఏటా ఉప్పు పొంగి పెచ్చులూడతాయి. బ్రాకెట్ల కింది మరలు ఆ చెమ్మ గీతకి దగ్గర్లో పడతాయి. అందుకని బ్రాకెట్లని సరాసరి గోడకి కొట్టలేదు. ముందు రెండు నిలువు టేకు పట్టీలు యాంకర్ బోల్టులతో బిగించారు. బరువంతా పట్టీలు పంచుకుంటాయి. డ్రిల్లు దిగుతుంటే మేస్త్రి గారు రాలే పొడి చూస్తూ ఉన్నారు. "ఎర్ర పొడి రావాలండి. తెల్లగా వస్తే ఇటుకల సందులో పడ్డట్టు, బోల్టు పట్టు ఉండదు." ఒకచోట తెల్లగా వస్తే అంగుళం పక్కకి జరిపి మళ్ళీ వేశారు.

అద్దం కూడా ఆ పట్టీల మీద ప్లైవుడ్ పలకకే అతికించాం. గోడకీ పలకకీ మధ్య గాలి ఆడుతుంది, చెమ్మ నేరుగా తగలదు. పైగా అద్దం ముఖం ముందుకొచ్చి, మడిచిన బల్లకి సమానంగా నిలిచింది. కింద చిన్న టేకు పట్టీ ఆనించారు, సిలికాన్ ఒక్కదాని మీదే బరువు వదలకూడదని. బల్లకి రసమట్టం పెట్టి చూశారు. బుడగ నడిమధ్య ఆగింది. బ్రాకెట్ మరలు పాత అడ్డకర్రల్లోకి దిగాయి. కొత్త చెక్క ముక్క ఒక్కటి కూడా అతకాల్సిన అవసరం రాలేదు.

ఎత్తితే టక్కుమని నిలబడుతోంది. దింపితే గోడ నుంచి మూడంగుళాల కన్నా ముందుకి రాదు. దారిలో ముప్పై అంగుళాలు మిగిలాయి. ఆయన వచ్చి మోచేతులు ఆనించి బరువు మోపి చూసి, "గట్టిగానే ఉందే" అన్నారు. సాయంత్రం తనే వెళ్ళి మడత స్టూలు కొనుక్కొచ్చారు.

2025 జనవరి 5, ఆదివారం

పాలిష్ ఆరడానికి వారం పట్టింది. పొద్దున పది దాటితే గానీ మంచు విడవడం లేదు. తడిగాలిలో పాలిష్ వేస్తే తెల్లగా మసకబారుతుంది కాబట్టి, మధ్యాహ్నం ఎండ పొడిలోనే పల్చగా పొర మీద పొర వేశాం.

అద్దానికి రెండు పక్కలా నాలుగంగుళాల లోతున అరలు. రెండో కిటికీ రెక్క వీటికి సరిపోయింది. కుడి వైపు అమ్మాయికి: పౌడరు, కాజల్, లిప్‌స్టిక్కులు, సన్‌స్క్రీన్. ఎడమ వైపు మా ఇద్దరికీ: కుంకుమ భరిణె, కాటుక కాయ, వేపచెక్క దువ్వెన, కొబ్బరినూనె. పిన్నులు, రబ్బరు బ్యాండ్లకి నునుపు చేసిన కొబ్బరిచిప్పలు రెండు. గాజులకి కింద ఒక అడ్డకడ్డీ. గోళ్ళ రంగుకీ, అది తుడిచే ద్రావకానికీ ఒక స్టీలు పళ్ళెం పెట్టాను. ఆ ద్రావకంలో అసిటోన్ ఉంటుంది, ఒక్క చుక్క పడినా పాలిష్ కరిగి మచ్చ పడుతుంది.

స్టిక్కర్ బొట్లు అద్దానికే అంటించే అలవాటు మన ఇళ్ళన్నిటా ఉన్నదే. అడ్డు చెప్పడం ఎందుకని అర అంచున ఒక వేలెడు వెడల్పు గాజు ముక్క పెట్టించాను, బొట్లన్నీ దాని మీదకి.

సాయంత్రం దీపాలు వేసి అత్తయ్యగారిని కూర్చోబెట్టాను. రెండు చేతులూ వెనక్కి పెట్టి, అద్దంలో చూసుకుంటూ ముడి వేసుకున్నారు. ఎడమ చెవి వెనక ఒక పాయ ఎప్పుడూ జారిపోయేది. దాన్ని తనే చూసి, తనే పిన్ను పెట్టుకున్నారు. "నా మొహం ఇంత తేటగా చూసుకుని ఎన్నాళ్ళయిందో" అన్నారు. నాకు ఈ పని చేసినందుకు అది చాలు.

జనవరి 13, సోమవారం. భోగి

తెల్లారగట్లే వీధి చివర మంట వేశారు. అమ్మాయి తలంటుకుని, తడి జుట్టుతో వచ్చి గదిలో దీపం వేసింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. అరలు తెరిచి చూసింది, బల్ల దింపి ఎత్తి, మళ్ళీ దింపింది. గడియ రంధ్రంలో దువ్వెన చూసి, "ఇది అమ్మమ్మ వాళ్ళింటి కిటికీయే కదమ్మా!" అంది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆ రంధ్రంలోంచి వీధిలోకి చూసేదట.

అల్లుడు కొలతలన్నీ ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు. "మా ఫ్లాట్‌లో బెడ్‌రూమ్ ఇంకా చిన్నదండి అత్తయ్యగారూ, అక్కడా పెట్టుకుంటాం" అన్నాడు.

జనవరి 16, గురువారం

నిన్న కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి వచ్చాం. వెళ్ళేముందు పడమటి గదిలో ముగ్గురం వంతులవారీగా ముస్తాబయ్యాం. ఒకరి పనయ్యి బల్ల దింపగానే నడిచే దారి మళ్ళీ తెరుచుకుంది. ఈ రోజు పిల్లలు హైదరాబాద్ బయల్దేరుతున్నారు. అమ్మాయి అడిగినందుకు కాగితం మీద రాసిచ్చినవి ఇక్కడ కూడా రాసి పెట్టుకుంటున్నాను:

బల్ల నేల నుంచి 30 అంగుళాలు, లోతు 15, వెడల్పు 28. స్టూలు 17. అద్దం 18 × 30, నేల నుంచి 31 దగ్గర మొదలు. దీపాలు రెండు పక్కలా మొహం ఎత్తులో, నెత్తి మీద వద్దు. గోడకీ అద్దానికీ మధ్య గాలి సందు. బోల్టు ఇటుకలోనే. బల్ల కిందికే మడవాలి. కలప పాతదైతే మంచిది. టేకు దొరక్కపోతే నీటికి తట్టుకునే ప్లైవుడ్, అంతే గానీ పొట్టు బోర్డు వద్దు.

మేస్త్రి గారి కూలితో కలిపి అయిన ఖర్చు కొట్లో బల్ల ధరలో సగం లోపే. గోడ మీద పట్టిన చోటు ఒక గజం కూడా లేదు. ఇంతకాలం మా ఇంట్లో ఇది లేకపోవడానికి డబ్బూ కారణం కాదు, చోటూ కారణం కాదు. ఇల్లు కట్టేటప్పుడు ఆడవాళ్ళని ఎవరూ అడగలేదు, ఆడవాళ్ళూ నోరు తెరిచి అడగలేదు. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను: స్లాబు పడింది గదా, గోడల పని మొదలుపెట్టే ముందు నా మరదల్ని పిలిచి, ఆవిడ కూర్చునే ఎత్తు కొలిచి, గుమ్మం పక్కన ఒక గజం గోడ అద్దానికి వదలమని. ఇల్లు కట్టుకునే ప్రతి ఇల్లాలూ ప్లాను గీసే రోజునే ఆ గజం గోడ అడిగి తీసుకోవాలి.